టైరు మారింది సరే, బండి కంప్యూటర్‌కు ఆ సంగతి చెప్పిందెవరు?

వరంగల్ ఆటోనగర్‌లోనో, ములుగు రోడ్డు పక్క షెడ్లలోనో కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: "టైర్లు మార్చిన సంది బండి లాగుతలేదు, మైలేజ్ గూడ పడిపోయింది." మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ చూస్తాడు, డీజిల్ ఫిల్టర్ మారుస్తాడు, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి కనబడిన ఫాల్టులన్నీ చెరిపేస్తాడు. వారం తిరక్కుండానే బండి మళ్లీ అదే షెడ్డుకు వస్తుంది. ఈ ఫిర్యాదులో కొంత నిజం ఉంది, కొంత లెక్క తప్పు ఉంది. ఏది ఏదో తేలాలంటే బండిలోని కంప్యూటర్ వేగాన్ని ఎలా తెలుసుకుంటుందో ముందు చూడాలి.

కంప్యూటర్ రోడ్డును చూడదు, టైరునూ చూడదు. దానికి తెలిసిందల్లా పళ్లు లెక్కపెట్టడమే. చక్రం దగ్గర, హబ్ లోపల, పళ్లున్న ఒక రింగు ఉంటుంది. కొత్త బండ్లలో పళ్లకు బదులు బేరింగ్ సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. చక్రం తిరుగుతుంటే ఒక్కో పన్ను సెన్సార్ ముందు నుంచి దాటిన ప్రతిసారీ ఒక పల్స్ వెళ్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఎన్ని పల్సులు వస్తాయో, ఆ చుట్టుకు బండి ఎంత దూరం కదులుతుందో ఫ్యాక్టరీలోనే మెమరీలో రాసి పెడతారు. వేగం, ఓడోమీటర్, మైలేజ్, క్రూయిజ్ కంట్రోల్ అన్నీ ఈ రెండు అంకెల మీదే నడుస్తాయి. టైరు మార్చినప్పుడు పళ్లు మారవు. ఆ చుట్టుకు నడిచే దూరం మాత్రం మారిపోతుంది. మెమరీలో పాత అంకే ఉండిపోతుంది.

మహీంద్రా పాత థార్‌ బండికి వచ్చిన 235/70 ఆర్16 టైరును తీసుకుందాం. 235 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 70 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. పక్కగోడ 164.5 మి.మీ., రిమ్ము 406.4 మి.మీ. కింద ఒక గోడ, పైన ఒక గోడ కలిపితే మొత్తం వ్యాసం 735.4 మి.మీ. ఇదే బండికి తర్వాతి తరం థార్‌లో వచ్చిన 245/75 ఆర్16 టైరు తొడిగితే వ్యాసం 773.9 మి.మీ. అవుతుంది. తేడా నాలుగు సెంటీమీటర్లు కూడా లేదు. కంటికి బండి కాస్త ఎత్తుగా, అందంగా కనిపిస్తుంది, అంతే. లెక్కలో మాత్రం అది 5.2 శాతం.

రింగుకు 48 పళ్లున్నాయనుకుందాం. పాత టైరు కిలోమీటరుకు 433 చుట్లు తిరుగుతుంది, సెన్సార్‌కు దాదాపు 20,780 పల్సులు అందుతాయి. కొత్త టైరు అదే కిలోమీటరును 411 చుట్లలోనే దాటేస్తుంది, పల్సులు 19,740 దగ్గర ఆగిపోతాయి. ఇంకా వెయ్యికి పైగా పల్సులు రావాలి కదా అని కంప్యూటర్ అనుకుంటుంది. అందుకే అసలు కిలోమీటరు నడిచినా 950 మీటర్లుగానే రాసుకుంటుంది. మీటర్‌లో 80 కనిపిస్తున్నప్పుడు బండి 84 మీద పోతుంటుంది.

మైలేజ్ ఫిర్యాదు మూలం ఇక్కడే ఉంది. లీటరుకు నిజంగా 14 కిలోమీటర్లు ఇస్తున్న బండి, కొత్త టైర్లతోనూ అంతే ఇస్తోందనుకున్నా, మీటర్ లెక్కలో 13.3 మాత్రమే చూపిస్తుంది. నలభై లీటర్ల డీజిల్‌తో 560 కిలోమీటర్లు తిరిగితే ఓడోమీటర్ 532 అంటుంది. ఆ 28 కిలోమీటర్లను బండి తినలేదు, లెక్క తినింది. కిలోమీటరుకు ఇంత అని కిరాయి మాట్లాడుకునే బండికి ఇది నేరుగా జేబుకు తగిలే నష్టం. నడిచిన దూరానికి డబ్బులు రావు, సర్వీసు కూడా చేయించాల్సిన సమయం దాటిపోయాకే చేయిస్తారు.

ఫిర్యాదులో నిజమున్న సగం "లాగుతలేదు" అన్న మాటలో ఉంది. టైరు పెద్దదైతే అదే ఇంజన్ శక్తి రోడ్డుకు చేరేసరికి ఐదు శాతం బలహీనమవుతుంది. పెద్ద టైరు బరువు కూడా ఎక్కువే. పైగా ఆ బరువంతా చక్రం అంచున ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పడానికే ఇంజన్ ఎక్కువ కష్టపడాలి. ఏ స్కానరూ దీన్ని సరిచేయలేదు. మీటర్‌ను ఎంత సరిగ్గా దిద్దినా పోయిన లాగుడు తిరిగి రాదు. అది రావాలంటే క్రౌన్ పినియన్ మార్చాలి.

రెండు చక్రాల మధ్య, యాక్సిల్ నడుమ ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్‌లో పెద్ద పళ్లచక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 ఉంటే నిష్పత్తి 4.10. అంటే గేరు బాక్సు నుంచి శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగు చుట్లకు పైన తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 5.2 శాతం పెద్ద టైరు వేయగానే ఈ 4.10 ఆచరణలో 3.90 లాగా పనిచేస్తుంది. పాత లాగుడు కావాలంటే 4.31 దగ్గరి సెట్ దొరకాలి, 43 కి 10 పళ్ల జోడీ 4.30 ఇస్తుంది. పళ్ల సంఖ్య పూర్ణాంకం కాబట్టి అచ్చంగా కావలసిన నిష్పత్తి ఎప్పుడూ దొరకదు. ఆ మిగిలిన చిన్న తేడాను కంప్యూటర్‌లోనే సర్దాలి. ఫోర్ బై ఫోర్ బండి అయితే ముందు హౌసింగ్‌లోనూ అదే నిష్పత్తి ఉండాలి. వెనక ఒకటి, ముందు ఒకటి ఉంటే ఫోర్ వీల్ వేసిన కాసేపటికే షాఫ్టులు మెలిబడి, శక్తిని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. నాట్లకు ముందు దమ్ము చేసే ఫోర్ వీల్ ట్రాక్టర్లు నడిపేవారికి ఇది కొత్త సంగతి కాదు. ముందు చక్రాలు వెనక చక్రాల కంటే కొద్ది శాతం వేగంగా తిరిగేలా ఆ ట్రాక్టర్లను తయారు చేస్తారు. వెనక టైర్లు ఒక్కటే సైజు మార్చి ముందువి వదిలేస్తే ఆ పొందిక పోతుంది.

టైరు మార్పు, క్రౌన్ పినియన్ మార్పు కంప్యూటర్‌కు ఒకేలా కనిపించవు. షెడ్లలో ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. వేగం సెన్సార్ ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న. లారీల్లో, పాత జీపుల్లో అది గేరు బాక్సు తోక దగ్గర, ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదలయ్యే చోట ఉంటుంది. అక్కడి నుంచి చక్రం దాకా మధ్యలో డిఫరెన్షియల్ ఉంది కాబట్టి, టైరు మారినా క్రౌన్ పినియన్ మారినా మీటర్ తప్పుతుంది. కొత్త కార్లలో వేగం ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్ల నుంచి, అంటే నేరుగా చక్రం నుంచే వస్తుంది. అక్కడ క్రౌన్ పినియన్ మార్చినా మీటర్ సరిగ్గానే చూపిస్తుంది. కానీ ఇంజన్, గేరు బాక్సు కంప్యూటర్లకు మాత్రం లెక్క కుదరదు.

ఎందుకు కుదరదంటే, ఇంజన్ తిరిగే వేగాన్నీ బండి వేగాన్నీ పక్కపక్కన పెట్టి ఏ గేరులో ఉన్నామో కంప్యూటర్ ఊహించుకుంటుంది. మామూలు గేరు బండిలోనూ ఈ పని జరుగుతుంది. "గేరు పెంచు" అని మీటర్‌లో కనిపించే బాణం గుర్తు ఈ ఊహ మీదే ఆధారపడింది. గేరు మార్చేటప్పుడు కుదుపు రాకుండా డీజిల్‌ను సన్నగా సర్దడమూ దాని మీదే నడుస్తుంది. నిష్పత్తి మారిందని చెప్పకపోతే మూడో గేరును అది మూడుగా గుర్తించదు, నాలుగుగానూ గుర్తించదు. ఆటోమేటిక్ బండిలో దెబ్బ ఇంకా నేరుగా తగులుతుంది. లోపలికి వచ్చే వేగం, బయటికి పోయే వేగం చూసి ఆ భాగాహారం తను వేసిన గేరుకు సరిపోతోందా లేదా అని గేరు బాక్సు కంప్యూటర్ ప్రతి క్షణం సరిచూస్తుంది. బయటి వేగాన్ని చక్రం సెన్సార్ నుంచి తెచ్చుకునే రకమైతే, క్రౌన్ పినియన్ మారగానే క్లచ్ జారుతోందని పొరబడుతుంది. స్కానర్‌లో పీ0730 అని, అంటే గేరు నిష్పత్తి తప్పని కోడ్ పడుతుంది, బండి రక్షణ మోడ్‌లోకి పోయి ఒకే గేరులో ఉండిపోతుంది. గేరు బాక్సు మాత్రం భేషుగ్గా ఉంటుంది. కోడ్ చూసి గేరు బాక్సు దింపేస్తే యజమానికి డబ్బులు పోతాయి, మెకానిక్‌కు శ్రమ పోతుంది, అసలు తప్పు అలాగే ఉంటుంది.

లోపలి వేగం, బయటి వేగం రెండూ గేరు బాక్సు లోపలి షాఫ్టుల దగ్గరే కొలిచే ఆటోమేటిక్ అయితే టైరు మారినా ఈ కోడ్ రాదు. అయినా యజమాని "గేరు ఆలస్యంగా పడుతోంది" అంటాడు. అది భ్రమ కాదు. ఇంజన్ ఎంత టార్క్ (తిప్పే బలం) ఇస్తోంది, దానికి బండి ఎంత వేగం పుంజుకుంటోంది అని చూసి రోడ్డు ఎత్తుగా ఉందా, చదునుగా ఉందా అని ఈ కంప్యూటర్లు అంచనా వేస్తాయి. బరువైన పెద్ద టైర్లతో హైదరాబాద్ రోడ్డు మీద చదునుగా పోతున్నా, దానికి ఏదో గుట్ట ఎక్కుతున్నట్టే ఉంటుంది. అందుకే కింది గేరును వదలదు. వదిలినా వెంటనే మళ్లీ పట్టుకుంటుంది.

ఇదంతా సొంత కారుకు సంబంధించినంత వరకు సౌకర్యం, డబ్బు లెక్క. భూపాలపల్లి వైపు బొగ్గు టిప్పర్లు, కరీంనగర్ వైపు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద ఇదే లెక్క ప్రాణాలతో ముడిపడుతుంది. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 118వ నియమం కింద రవాణా వాహనాలకు వేగ నియంత్రణ పరికరం ఉండాలి. మామూలు సరుకు లారీకి పరిమితి గంటకు 80 కిలోమీటర్లు, డంపర్లకు, ట్యాంకర్లకు, స్కూలు బస్సులకు 60. ఆ పరికరం కూడా అవే పల్సులను నమ్ముకుంటుంది. ఇప్పుడు ఒక టిప్పర్‌లో క్రౌన్ 41, పినియన్ 6 పళ్లున్న సెట్ అరిగిపోయిందనుకుందాం. పాత సామాన్ల దుకాణంలో అదే రకం హౌసింగ్‌కు సరిపోయే 41 కి 7 సెట్ దొరికింది, వేసేశారు. పినియన్‌కు పెరిగింది ఒకే ఒక్క పన్ను. గేరు బాక్సు తోక దగ్గరి సెన్సార్‌కు ఆ పన్ను సంగతి తెలియదు. షాఫ్ట్ పాత లెక్కకు తిరుగుతుంటే చక్రం ఆరుకు బదులు ఏడు వంతులు తిరుగుతుంది. మీటర్ 60 చూపిస్తున్నప్పుడు టిప్పర్ 70 మీద పోతుంటుంది. లోడు బండికి ఆ పది కిలోమీటర్లు ఎంత దూరం పట్టి ఆగుతాయో డ్రైవర్లకు బాగా తెలుసు. కానీ తను 70 లో ఉన్నానని ఆ డ్రైవర్‌కు తెలియదు. దీంతో పోలిస్తే 10.00-20 టైర్ల బదులు 11.00-20 వేయడం చిన్న తప్పే, తేడా సుమారు 3 శాతం. రెండూ ఒకే బండిలో జరిగితే మాత్రం తప్పు మీద తప్పు పేరుకుంటుంది. క్రౌన్ పినియన్ మార్చిన ప్రతి లారీకి వేగ నియంత్రణ పరికరాన్ని మళ్లీ క్యాలిబ్రేట్ చేయించడం, అంటే దాని లెక్క సరిచేయించడం, బిల్లులో ఒక తప్పనిసరి వరసగా ఉండాలి.

ప్రతి టైరు మార్పుకూ ఇంత హడావుడి అక్కర్లేదు. కొత్త టైరు మీద దాదాపు 8 మి.మీ. గాడి ఉంటుంది, 1.6 మి.మీ. దాకా అరిగేసరికి వ్యాసం 13 మి.మీ. దాకా తగ్గుతుంది. అంటే పైన చెప్పిన టైరులోనే 1.7 శాతం తేడా సహజంగా వచ్చిపోతుంది. ఇది తెలిసే కంపెనీలు కంప్యూటర్‌కు కొంత తేడాను తట్టుకునే వెసులుబాటు పెట్టి పంపుతాయి. 2020 లో వచ్చిన థార్‌నే చూస్తే, ఒక రకానికి 245/75 ఆర్16, పై రకానికి 255/65 ఆర్18 టైర్లు వచ్చాయి. రెండింటి మధ్య 1.9 శాతం తేడా. స్పీడోమీటర్‌కు ఇంకో వెసులుబాటూ ఉంది. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపవచ్చు. అందుకే చాలా కార్ల మీటర్లు ఫ్యాక్టరీలోనే రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ చూపేలా వస్తాయి. వ్యాసం మూడు శాతం పెరిగితే ఆ వెసులుబాటంతా కరిగిపోయి మీటర్ అసలు వేగానికి దగ్గరవుతుంది. ఐదు శాతం దాటితే అది తక్కువ చూపడం మొదలుపెడుతుంది, చలానా పడేదీ అక్కడే.

వెడల్పు టైరు కావాలనుకునేవారు వ్యాసం మారకుండా ఎంచుకోవచ్చు. బొలెరో 215/75 ఆర్15 టైరు వ్యాసం 703.5 మి.మీ. దాని బదులు 235/70 ఆర్15 వేస్తే 710 మి.మీ. తేడా ఒక శాతం లోపే. కంప్యూటర్‌ను ముట్టుకోవాల్సిన పని లేదు. టైరు షాపులో అరచేతిలో ఫోన్ పెట్టుకుని ఈ చిన్న గుణకారం చేసుకుంటే తర్వాతి తలనొప్పులు చాలా వరకు తప్పుతాయి.

లెక్క దిద్దాల్సిన అవసరమే పడితే మొదటి పని స్కానర్ తీయడం కాదు, టేపు తీయడం. పక్కగోడ మీది అంకెలతో వచ్చే చుట్టుకొలత గాలి నిండి, బరువు లేకుండా నిలబడిన టైరుది. బండి బరువు పడితే టైరు కింద అణుగుతుంది, ఒక చుట్టుకు నడిచే దూరం మూడు శాతం దాకా తగ్గుతుంది. కంప్యూటర్‌కు కావలసింది ఈ నిజమైన దూరం. చదునైన గచ్చు మీద బండిని నిలిపి, కంపెనీ చెప్పినంత గాలి పట్టించి, డ్రైవర్‌ను లోపల కూర్చోబెట్టాలి. టైరు నేలను తాకే చోట, పక్కగోడ మీదా గచ్చు మీదా చాక్‌పీసుతో ఒక గీత గీయాలి. బండిని మెల్లగా ముందుకు తోస్తూ టైరు మీది గీత ఐదుసార్లు కిందికి వచ్చే దాకా లెక్కపెట్టాలి. ఐదోసారి అది నేలను తాకిన చోట మళ్లీ గీత గీసి టేపుతో కొలవాలి. పాత టైరుకు ఐదు చుట్లకు 11 మీటర్ల 20 సెంటీమీటర్లు, కొత్తదానికి 11 మీటర్ల 80 వచ్చిందనుకుంటే ఒక చుట్టుకు 2,240, 2,360 మి.మీ. అని తేలుతుంది. ఒక్క చుట్టుతో ఆపితే గీత మందమే తప్పు తెస్తుంది, అందుకే ఐదు చుట్లు. మెమరీలోకి పోవాల్సిన అంకె ఇదే.

ఆ అంకె లోపలికి ఎలా పోతుందన్న చోట మూడు వేర్వేరు పనులను షెడ్లలో ఒకే పేరుతో, "ప్రోగ్రామింగ్" అని పిలుస్తారు. ఫాల్టు చెరపడం మొదటిది. దానితో కంప్యూటర్‌కు కొత్త విషయం ఏదీ తెలియదు, దాని ఫిర్యాదు పుస్తకం మాత్రమే ఖాళీ అవుతుంది. కోడింగ్ రెండోది. కంపెనీయే వదిలిపెట్టిన గడుల్లో టైరు చుట్టుకొలత, యాక్సిల్ నిష్పత్తి (క్రౌన్ పినియన్ నిష్పత్తి) లాంటి అంకెలు మార్చడం. అమెరికాలో జీప్ రాంగ్లర్ లాంటి బండ్లకు టైరు సైజు, యాక్సిల్ నిష్పత్తి సరిచేసే చిన్న పరికరాలు బజారులోనే దొరుకుతాయి. ఇక్కడి చాలా బండ్లలో ఆ గడి కంపెనీ స్కానర్‌కే తెరుచుకుంటుంది. చాలాసార్లు అందులోనూ కంపెనీ ఇచ్చిన సైజులే ఎంచుకోవడానికి ఉంటాయి. మూడోది ఫ్లాషింగ్, అంటే లోపలి ప్రోగ్రామ్‌నే కొత్తగా రాయడం. అది జరుగుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజ్ పడిపోతే కంప్యూటర్ లేవదు, అందుకే స్థిరమైన చార్జర్ తగిలించకుండా ఫ్లాషింగ్‌కు దిగకూడదు. పైగా ప్రోగ్రామ్‌కు క్యాలిబ్రేషన్ నంబరు, దాన్ని సరిచూసే మరో సంఖ్య ఉంటాయి. స్కానర్‌తో చూస్తే మార్పు బయటపడవచ్చు, వారంటీ ప్రశ్న లేవవచ్చు. టైరు సైజు కోసం ఫ్లాషింగ్ దాకా పోవడం చాలా బండ్లకు అనవసరం. గేరు బాక్సు తోక దగ్గర ఒకే సెన్సార్ ఉన్న పాత బండ్లలో మధ్యలో పెట్టే చిన్న సర్దుబాటు పెట్టె సరిపోతుంది, వచ్చిన పల్సులను తగిన లెక్కకు పెంచి పంపుతుంది. ఏబీఎస్ సెన్సార్ల వైరును మాత్రం మధ్యలో తెంపకూడదు. బ్రేకు ఏ చక్రం మీద ఎంత పడాలో తేల్చేది ఆ వైరే.

గేరు బాక్సు వైపు ఇంకో పని ఉంది, దాన్ని లెర్నింగ్ అంటారు. చిన్న కార్లలో ఏఎంటీ గేరు ఇక్కడ బాగా పెరిగింది. క్లచ్ పెడల్ లేదు గానీ లోపల మామూలు క్లచ్ ప్లేటే ఉంటుంది, దాన్ని కాలికి బదులు ఒక మోటారో, ఆయిల్ ప్రెషరో తొక్కుతుంది. ఎంత వదిలితే ప్లేటు పట్టు అందుకుంటుందో ఆ చోటును కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. అరిగిన ప్లేటు తీసి కొత్తది వేస్తే ఆ చోటు జరిగిపోతుంది. స్కానర్‌తో కొత్త చోటు నేర్పకుండా బండి అప్పగిస్తే మొదటి గేరులో వణుకుతుంది, లేదా సిగ్నల్ దగ్గర గేరు పడక న్యూట్రల్ గుర్తు మెరుస్తుంది. క్లచ్ సెట్ నాసిరకమని దుకాణానికి తిప్పి పంపే ముందు ఈ లెర్నింగ్ జరిగిందా అని అడగాలి. క్లచ్ ప్లేటుకు బదులు ఆయిల్‌తో శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో, గేర్లకు ఆయిల్‌ను మళ్లించే వాల్వ్ బాడీ మార్చినా ఇదే తీరు. పాత నేర్పు చెరిపి, ఆయిల్ తగినంత వేడెక్కాక, యాక్సిలరేటర్‌ను సన్నగా తొక్కుతూ అన్ని గేర్లూ పడేలా కాసేపు నడపాలి.

టైరులో గాలి తగ్గితే చెప్పే లైటు కొన్ని బండ్లలో చక్రాల వేగాల తేడా చూసే వెలుగుతుంది, టైర్లు మార్చాక దాన్నీ రీసెట్ చేయాలి. అద్దం వెనక కెమెరా ఉన్న బండి ఎత్తు పెంచితే ఆ కెమెరా చూపు కూడా మళ్లీ సరిచేయించాలి.

చట్టం సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. కంపెనీ అనుమతించిన సైజుల జాబితా యజమాని పుస్తకంలో ఉంటుంది, డ్రైవర్ వైపు తలుపు అంచున గాలి ఒత్తిడి స్టిక్కర్ మీద కూడా చాలా బండ్లకు ఉంటుంది. ఆ జాబితాలో ఉన్న సైజుకే పోతే కోడింగూ సులువు, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర వాదనా తప్పుతుంది.

అంకె మార్చాక పని సరిగ్గా జరిగిందో లేదో రోడ్డు మీదే చూడాలి. హన్మకొండ దాటి జాతీయ రహదారి 163 మీద నిటారుగా, ఖాళీగా ఉన్న చోట 80 దగ్గర కాసేపు ఒకే వేగంతో పోవాలి. పక్కన కూర్చున్న మనిషి స్కానర్‌లో కనిపించే వేగాన్ని, ఫోన్‌లోని జీపీఎస్ వేగాన్ని ఒకేసారి చదవాలి. చూడాల్సింది డ్యాష్‌బోర్డు ముల్లును కాదు, స్కానర్ అంకెను. ముల్లులో కంపెనీ కావాలని పెట్టిన ఎక్కువ కలిసి ఉంటుంది. రెండు అంకెలు ఒకటి రెండు కిలోమీటర్లలో కలిస్తే, కొలిచిన చుట్టుకొలత, క్రౌన్ పినియన్ పళ్ల సంఖ్య, మార్చిన తేదీ ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించాలి. రెండేళ్ల తర్వాత ఆ బండి జగిత్యాలలోనో మంచిర్యాలలోనో వేరే షెడ్డుకు చేరినప్పుడు, అక్కడి మెకానిక్ హౌసింగ్ విప్పి పళ్లు లెక్కపెట్టాల్సిన పని ఉండదు.